నూనె డబ్బాలకు నీడ

"మీ అమ్మగారి వయసెంతమ్మా?" అని అడిగింది చీటీ రాసే అమ్మాయి.

రాయచూరులో ఒక చర్మవ్యాధుల డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాం. నా పక్కనున్నది మా అమ్మ కాదు, మా వదిన. మా అన్న భార్య. నాకంటే ఆరు నెలలు చిన్నది. నేను నోరు తెరిచేలోపే వదిన "యాభై అయిదు రాయమ్మా" అని చెప్పేసింది, అమ్మని కానని మాత్రం చెప్పలేదు. ఆ పిల్ల ఆమె ముఖం చూసింది, నా ముఖం చూసింది, రాసుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు. పాపం, తన కళ్లకు కనిపించిందే తను అడిగింది.

"నేను నీ కూతుర్ని కానని చెప్పొచ్చు కదా వదినా?"

"ఎంతమందికని చెప్తవు అమ్మాయీ? బస్సుల గూడ గిట్లనే అడుగుతరు. నాకు అలవాటైంది. నువ్వే పరేషాన్ అయితున్నవు."

మూడు నెలల్లో ఆమె కొడుకు పెళ్లి. నిశ్చితార్థం నాడు ఆడపిల్ల తరఫు వాళ్లలో ఎవరో ఆమెకు బొట్టు పెడుతూ, "పెండ్లికొడుకు అవ్వకు తాంబూలం ఇయ్యుండ్రి" అన్నారట. అవ్వ అంటే మా వైపు నాయనమ్మ. ఎవరూ సరిదిద్దలేదట. మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్ చేసింది. "ఈ మొకానికి ఏమన్న మందుందా? మొత్తం పోకున్నా సరే. పెండ్లి నాటికి నేను తల్లి లెక్క కనబడితే చాలు" అంది.

మా ఇంట్లో అడుగుపెట్టిన ఇన్నేళ్లలో వదిన తన కోసం నన్ను అడిగింది రెండేసార్లు. ఇది రెండోది. మొదటిసారి అడిగినప్పుడు నేను చేసిన నిర్వాకం ఆమె చెంప మీద ఇంకా ఉంది. అందుకే స్కూలుకు సెలవు పెట్టి ఆమెను వెంటబెట్టుకుని వచ్చాను.

మేము రాయచూరు బజారు వాళ్లం. తాతల కాలం నుంచి కిరాణా దుకాణం. కృష్ణ ఒడ్డున థర్మల్ ప్లాంటు వచ్చి, దాని పక్కన ఉద్యోగుల కాలనీ లేచినప్పుడు, మా నాయన బజారులోని దుకాణం చిన్నాయనకు వదిలేసి కాలనీ గేటు ఎదురుగా కొత్తది పెట్టాడు. కింద దుకాణం, వెనక వంటిల్లు, పైన మేడ. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఇంజినీర్ల భార్యలు మా దగ్గర సరుకులు కొనేవాళ్లు. వాళ్లకు మా ఇంటి సండిగెలంటే ప్రాణం. సండిగెలంటే మరేం కాదు, వడియాలే. సగ్గుబియ్యం, బియ్యప్పిండి ఉడికించి, గొట్టంలో వేసి గుడ్డ మీద ఒత్తి, ఎండబెట్టేవి. రాయచూరు ఎండకు రెండు రోజుల్లో గలగలమనేవి. ఫాల్గుణం నుంచి వానలు పడేదాకా మా మేడంతా సండిగెలే.

ప్లాంటు వచ్చాక ఒక చిక్కు వచ్చింది. గాలి అటు నుంచి తిరిగిందంటే సన్నటి బూడిద రాలేది. కంటికి కనిపించేది కాదు, గుడ్డ దులిపితే తెలిసేది. కాలనీ వాళ్లకు సండిగె మల్లెపువ్వులా తెల్లగా ఉండాలి, కొంచెం నలుపు కనబడినా పక్కకు నెట్టేసేవాళ్లు. పైన గుడ్డ కప్పి వదిలేద్దామంటే పచ్చి సండిగె గుడ్డకు అంటుకుంటుంది. అందుకని ఒక మనిషి పక్కనే కూర్చోవాలి. పలచని పాత పంచె చేతిలో పట్టుకుని, గాలి తిరగగానే పైన పరవాలి, గాలి ఆగగానే తీసి దులపాలి. పొద్దున తొమ్మిదింటికి మేడ ఎక్కితే సాయంత్రం నాలుగింటికి దిగడం. మధ్యలో తిండికి ఒక పావుగంట.

ఆ కూర్చునే మనిషి వదిన.

ఆమెది గిల్లేసూగూరు, సేద్యగాళ్ల ఇల్లు. మా ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె ముఖం ఎలా ఉండేదో చెప్పినా ఇప్పుడెవరూ నమ్మరు. మా బంధువుల్లో ఒకావిడ "మీ కోడలు నీళ్లు తాగితే గొంతులో కనబడేటట్టుంది" అని మా అమ్మతో అంది. పొలాల్లో పెరిగినా వాళ్లకు మధ్యాహ్నం ఎండలో పనిచేసే అలవాటు లేదు. పొద్దున చల్లగా పోవడం, ఎండెక్కగానే చెట్టుకిందికి చేరడం, మళ్లీ పొద్దు వాలాక దిగడం. మా మేడ మీద అలా కుదరదు. సండిగె ఎండేదే మిట్టమధ్యాహ్నం.

మొదట్లో ఒకరోజు ఆమె దుకాణంలోంచి గొడుగు తీసుకుని పైకి పోయింది. మా అమ్మ గుమ్మంలోనే ఆపింది.

"గొడుగు నీడ సండిగెల మీద పడదా? ఇంకా పచ్చిగనే ఉంటయి. అయినా మేడ మీద గొడుగు పట్టుకోని కూసుంటే రోడ్డు మీద పోయెటోళ్లు ఏమనుకుంటరు? దొరసాని అనుకోరూ?"

వదిన గొడుగు తిరిగి మేకుకు తగిలించింది. కొంగు నెత్తిన కప్పుకుంది. పంచె రెండు చేతులతో పరిచేటప్పుడు ఆ కొంగు నిలవదని ఎవరికైనా తెలుస్తుంది, మా అమ్మకు తెలియదా?

మరి నేనెక్కడున్నాను? నేను నీడలో ఉన్నాను. నాకప్పటికి పెళ్లి కాలేదు. రాయచూరుకు బస్సులో పోయి బీఎస్సీ చదువుతున్నాను. సెలవురోజున నేను మేడ మెట్ల మీద కాలు పెట్టినా అమ్మ కేకేసేది, "పెండ్లి గావాల్సిన పిల్లవు, ఎండకు పోతవా? దిగు" అని. నాకు మీగడ, శనగపిండి, దుకాణంలోని స్నో డబ్బా. వదినకు పెళ్లయిపోయింది కదా, ఇంకెవరు చూడాలి ఆమె ముఖం? ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పనే లేదు, అందరికీ తెలిసిన ఏర్పాటు అది. నాకూ తెలుసు. నాకు బాగానే ఉండేది కూడా.

బీఎస్సీ రెండో ఏడు కెమిస్ట్రీలో ఫ్రీ రాడికల్స్ పాఠం వచ్చింది. మా లెక్చరరు బాగా చెప్పేవాడు. అణువుల్లో ఎలక్ట్రాన్లు జతలుగా ఉంటాయి. ఎండో, వేడో తగిలి జత విడిపోతే, ఆ ఒంటరి ఎలక్ట్రాన్ ఉన్న ముక్క నిలకడగా ఉండలేదు. పక్కదాని దగ్గర ఒకటి లాక్కుంటుంది. అప్పుడు ఆ పక్కది ఒంటరిదై, దాని పక్కదాని మీద పడుతుంది. ఒకటి మొదలైతే వరస తెగదు. నూనె ముక్క వాసన వచ్చేది ఇందుకే అని చెప్పి, "మీలో కిరాణా దుకాణం ఉన్నవాళ్లు ఎవరు?" అని అడిగాడు. నేను లేచి నిలబడ్డాను.

"మా నాయన నూనె డబ్బాలకు ఎండ తగలనివ్వడు సార్. బండి దిగిన వెంటనే లోపలికి తెప్పిస్తాడు. జాగా లేకపోతే వరండాలో పెట్టి పైన గోనెపట్టా కప్పిస్తాడు. పొద్దు తిరిగే కొద్దీ నీడ వైపుకు జరిపిస్తూనే ఉంటాడు" అని చెప్పాను.

"మీ నాయన నాకంటే మంచి కెమిస్టు" అన్నాడాయన. క్లాసంతా చప్పట్లు. నేను ఉబ్బిపోయాను. ఇంటికి వచ్చి నాయనకు చెబితే ఆయనా మురిసిపోయాడు. నిజానికి మా నాయనకు సరుకంటే అంత శ్రద్ధ. ఎండుమిరపకాయల బస్తా ఒక గంట ఎండలో ఉంటే రంగు వెలిసిపోతుందని గోల పెట్టేవాడు. "ఏయ్, ఆ డబ్బాలు నీడకు జరుపుండ్రిరా!" అని ఆయన కింద అరుస్తుంటే ఆ అరుపు మేడ మీదికి స్పష్టంగా వినిపించేది.

చర్మంలోనూ నూనెలాంటివే ఉంటాయని, ఎండ దిగితే అక్కడా ఇదే పని జరుగుతుందని, చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ దారాలను ఈ రాడికల్స్ పాడుచేస్తాయని, పొగా ధూళీ వాటికి తోడవుతాయని అదే పాఠంలో చివర చెప్పాడు మా లెక్చరరు. ఒంట్లో వీటిని పట్టి అణిచే పదార్థాలు కొన్ని ఉంటాయి, విటమిన్ సి అలాంటిదే, కానీ రోజుల తరబడి ఎండ కొడితే అవి చాలవు అని కూడా చెప్పాడు. నేను నోటుబుక్కులో అందంగా రాసుకున్నాను. కింద రెండు గీతలు గీశాను. మా ఇంటికి మేడ ఉందని, ఆ మేడ మీద ఒక మనిషి ఉందని నాకు ఆ పూట గుర్తే రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మొదటి కాన్పు తర్వాత వదిన చెంపల మీద మంగు వచ్చింది. ముక్కుకు అటూ ఇటూ గోధుమరంగు మచ్చలు. అమ్మ "వాళ్ల పుట్టింటోళ్ల ఒంట్లనే వేడి" అని తేల్చేసింది. అప్పుడొకరోజు వదిన తడి చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నేను పరీక్షకు చదువుకుంటున్నాను.

"అమ్మాయీ, నీ పుస్తకంల దీనికేమన్న రాసిండ్రా?"

నాకు గర్వం పొంగుకొచ్చింది. ఫ్రీ రాడికల్స్ అన్నాను, ఎలక్ట్రాన్లన్నాను, బొమ్మ గీసి చూపించాను. ఆమె ఓపికగా విని "మరేం జెయ్యాల?" అంది.

ఇక్కడ నేను నిజం చెప్పాలి. చెయ్యాల్సింది ఏమిటో నా నోటుబుక్కులోనే ఉంది. ఎండలో కూర్చోవద్దు, అంతే. కానీ వదిన కూర్చోకపోతే ఎవరో ఒకరు కూర్చోవాలి. అమ్మకు మోకాళ్ల నొప్పి. ఇక ఇంట్లో ఎవరున్నారు? నేనున్నాను. ఆ లెక్క నా మనసులో ఎంత చప్పున తేలిందో నాకు బాగా గుర్తుంది. నేను ఎండ మాటే ఎత్తలేదు.

"విటమిన్ సి మంచిది వదినా. నిమ్మకాయలో ఉంటుంది. రాసుకో" అన్నాను.

ఆమె నా మాట నమ్మింది. చదువుకున్నదాన్ని కదా. మర్నాడు పొద్దున ఒక నిమ్మకాయ కోసి, రెండు చెంపలకూ బాగా రుద్దుకుని, కడుక్కోకుండా సండిగెల దగ్గరికి పోయి కూర్చుంది. నిమ్మరసం ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే కాలిపోతుందని నాకు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. సాయంత్రానికి చెంపలు కందిపోయాయి. మర్నాటికి బొబ్బలు లేచాయి. అవి పగిలి మానాక కుడి చెంప మీద, రసం కారిన దారి వెంబడే నల్లటి చారలు నిలిచాయి. మామూలుగా అలాంటివి కొన్ని నెలలకు పోతాయట. నీడ ఉంటే. వదిన బొబ్బల మీద వెన్న రాసుకుని మూడో రోజుకు మళ్లీ మేడ ఎక్కింది. ఎండాకాలం అయిపోతుందని అమ్మ తొందర.

ఇంట్లో అందరూ నవ్వారు. "బీఎస్సీ డాక్టరమ్మ వైద్యం!" అని మా అన్న ఎగతాళి చేశాడు. నేను అలిగి రెండు రోజులు అన్నం తినలేదు. నన్ను నవ్వారని నా ఏడుపు. వదినే వచ్చి బతిమాలింది, "నువ్వేం జేస్తవు, నాకే సరిగ్గ రాసుకోనీకె రాలే, లే, బువ్వ తిను" అని.

ఆ మరుసటి ఏడు నన్ను చూడడానికి మస్కి నుంచి పెళ్లివారు వచ్చారు. వదిన సండిగెలు వేయించి పళ్లెంలో తెచ్చింది. పెళ్లికొడుకు తల్లి ఒకటి విరిచి నోట్లో వేసుకుని "ఎంత తెల్లగున్నయి!" అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని పైకెత్తి చూసి "పిల్ల గూడ అట్లనే ఉంది, ఎండ మొకం ఎరగనట్టు" అంది. అందరూ సంతోషంగా నవ్వారు. పళ్లెం పట్టుకుని నిలబడ్డ వదిన కూడా నవ్వింది. ఆ సంబంధం కుదిరింది. ఆ నవ్వు నా చెవిలో ఇప్పటికీ ఉంది.

పెళ్లయ్యాక మళ్లీ రాయచూరులోనే ఉన్నాను. హైస్కూల్లో సైన్సు టీచర్ని. పిల్లలకు కన్నడంలో అదే పాఠం చెబుతుంటాను, మా నాయన నూనె డబ్బాల ఉదాహరణతో సహా. "టీచర్, మీరు మొహానికి ఏం రాసుకుంటారు?" అని తోటి ఆడవాళ్లు అడుగుతుంటారు. ఇప్పుడైతే ప్రతి క్రీము డబ్బా మీదా యాంటీ ఆక్సిడెంట్ అని రాసి ఉంటుంది. ఆ క్రీమేదో రాసుకుంటానని చెబుతాను. నా ముఖానికి రాసింది మా వదిన ముఖమే అని టీచర్ల గదిలో చెబితే ఎవరికి అర్థమవుతుంది?

లోపలికి పిలిచారు. డాక్టరు చిన్నపిల్లే, ముప్పై దాటి ఉండవు. వదిన ముఖాన్ని భూతద్దం పెట్టి చూసింది. మచ్చలు, కంటి చివర నుంచి దవడ దాకా గీతలు, మెడ మీద మందంగా గరుకెక్కిన తోలు. కన్నడంలో అడిగింది.

"ఎండలో పని చేశారా?"

"సండిగెల దగ్గర కూసుంటుంటినమ్మా. ఇరవై ఏండ్లు."

డాక్టరు వదిన రవిక చెయ్యి పైకి జరిపి, చంక కింది వైపు లోపలి చర్మం చూపించింది. తర్వాత నన్నూ అలాగే చెయ్యమంది. రెండు చేతులు పక్కపక్కన పెట్టింది.

"చూడండి. మీ ఇద్దరిదీ ఒకే వయసు."

వదిన చెయ్యి లోపలి వైపు నునుపుగా, ఒక్క ముడత లేకుండా ఉంది. నా చేతికంటే ఒక వన్నె మెరుగు. ఆమె నాకంటే తెల్లనిదని నేనెప్పుడో మరిచిపోయాను. వదిన తన చేతిని తనే మొదటిసారి చూస్తున్నట్టు తలవంచి చూసుకుంది. వేలితో ఒకసారి నిమిరింది. తర్వాత గబగబా రవిక కిందికి లాక్కుంది.

"మొకం గూడ ఇట్లయితదా? కొడుకు పెండ్లి ఉంది, మూడు నెలల్ల."

"మచ్చలు కొంత పలచబడతాయమ్మా. ముడతలు పోవు. మందు కంటే ముఖ్యం, ఎండకు పోకూడదు. పోతే గొడుగు పట్టుకోవాలి" అంది డాక్టరు.

వదిన తల ఊపింది. నేను మాత్రం నేల చూశాను. గొడుగు అన్న మాట చెప్పడానికి ఒక డాక్టరు, ఒక చీటీ, ఇన్నేళ్లు కావలసి వచ్చాయి.

మందులు కొని కాలనీ బస్సు ఎక్కాం. ఇద్దరు కూర్చునే సీటు. వదిన ఎప్పటిలా కిటికీ వైపు పోయింది, నేను ఇవతల కూర్చున్నాను. బస్సు ఊరు దాటి మలుపు తిరిగాక మధ్యాహ్నపు ఎండ నేరుగా ఆమె ముఖం మీద పడింది. ఆమె కదలలేదు, కళ్లు కూడా చిట్లించలేదు. నాకు ఆగలేదు.

"వదినా, ఇటు రా. నా జాగాలో కూర్చో. ఎండ పడుతోంది."

ఆమె నా వైపు తిరిగి నవ్వింది. కోపం లేదు ఆ నవ్వులో. ఉంటే నాకు నయంగా ఉండేది.

"ఇప్పుడు జరుపుతవా? మామ దినాం కింద అరుస్తుండె, డబ్బాలు నీడకు జరుపుండ్రని. నాకు పైకి ఇనబడుతుండె. దినాం అనుకుంటుంటి, నన్ను గూడ ఎవరన్న అంటరేమో అని. అత్తమ్మ అనదు, మామకు తెల్వదు. నువ్వు సదువుకున్నదానివి, నువ్వంటవనుకున్న." కొంచెం ఆగి, "నువ్వు నిమ్మకాయ అంటివి" అంది.

నేను తెలిసీ చెప్పలేదని ఆమెకు అప్పుడే తెలుసా? లేచి, ఆమె భుజం పట్టుకుని నా సీట్లోకి జరిపాను. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. దూరంగా చిమ్నీలు కనబడుతున్నాయి. కాలనీ ఇంకా ఇరవై నిమిషాలుంది. ఎండ నా చెంప మీద కొడుతుంటే, ఎంతైనా సరే ఓర్చుకోవాలనుకున్నాను. నది కనబడకముందే, అయిదు నిమిషాలకే, తట్టుకోలేక కొంగు ముఖం మీదికి లాక్కున్నాను.